తుప్పు అద్దే హులిగెమ్మ

"ఏమ్మా, నీ మూట కారుతాంది సూడు!"

ఆలూరు వదిలి ఆదోని వైపు పోతున్న షేర్ ఆటో గుంతలో పడి లేచినప్పుడు ఎదురు సీటు మనిషి వేసిన కేక ఇది. హులిగెమ్మ ఒడిలోని మూటను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది తప్ప కిందికి చూడలేదు. చూడాల్సిన అవసరమూ లేదు. ఆలూరు పొలిమేరలో కూలిపోయిన పాత దొరల బంగళా రాళ్ల కుప్పలోంచి పొద్దున్నే లాగి తెచ్చుకున్న ఇనుప కిటికీ చట్రం అది. దానికి పులిసిన గంజిలో ముంచిన గుడ్డ చుట్టి ఉంది. తడిగుడ్డ కారకుండా ఎట్లా ఉంటుంది? కారి కారి పక్కనున్న పెద్దమనిషి పంచె మీద, మోకాలి నుంచి అంచు దాకా, ఎర్రటి చార దిగింది.

ఆ పెద్దమనిషి ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే గోపాలయ్య. ఆలూరులో కారు మొరాయిస్తే మెకానిక్కుకు అప్పగించి, ఎన్నో ఏళ్ల తర్వాత షేర్ ఆటో ఎక్కాడు. ఎక్కినప్పటి నుంచీ మోకాళ్లు దగ్గర పెట్టుకుని, ఎవరికీ తగలకుండా కూర్చోవాలని చూస్తున్నాడు. షేర్ ఆటోలో అది ఎవరి వల్లా కాని పని.

"ఏముందమ్మా దాంట్లో? మాంసమా ఏమి?" అన్నాడు, కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని.

"మాంసం యాడిది సావుకారీ! ఇనుము."

"ఇనుము నెత్తురు కారుతాదా?"

డ్రైవరు గోవిందు అద్దంలోంచి చూసి నవ్వాడు. "ఆ హులిగెమ్మక్క అంతే సావుకారీ. ఎమ్మిగనూరు మనిషి. ఒకతూరి పాత గేటు రెక్క ఎక్కిచ్చింది. ఆదోని వచ్చేదాంక నా బండి ఒకే పక్కకు వంగి దండం పెట్టుకుంటా పోయినట్టు పోయింది."

"నీ బండి కొన్నప్పట్నుంచీ వంకరేలేప్పా," అంది హులిగెమ్మ.

గోపాలయ్య చార మీద వేలితో రుద్దాడు. అది ఇంకొంచెం వెడల్పయింది. "ఉతికితే పోతాదా?"

"పోదు." ఆ 'పోదు'లో నొచ్చుకోవడం కంటే గర్వమే ఎక్కువ పలికింది. ఆమెకే తెలిసి గొంతు తగ్గించింది. "నిమ్మకాయ రుద్దితే పల్చనైతాది సావుకారీ."

"ఇంతకీ ఎందుకు నానబెట్టినావు దాన్ని?"

"తుప్పు వదిలిస్తాండా," అంది హులిగెమ్మ.

అది అబద్ధం. ఆమెకు కావాల్సింది తుప్పే.

ఇనుము మీద పుల్లటి గుడ్డను బిగించి కట్టి, ఒక పగలూ ఒక రాత్రీ ఆరిపోకుండా తడుపుతూ ఉంటే తుప్పు గుడ్డలోకి దిగుతుంది. చువ్వ చువ్వలాగే దిగుతుంది, తీగ తీగలాగే దిగుతుంది. ఎండా వానా కలిసి ఎన్నో ఏళ్లుగా ఆ ఇనుము మీద రాసినదంతా గుడ్డ మీదికి వస్తుంది. కరక్కాయ నీళ్లు పట్టించిన చోట అదే తుప్పు నల్లగా తిరుగుతుంది. హులిగెమ్మ ఆ గుడ్డను బొంతకు నడుమ పెట్టుకుని చుట్టూ కట్టడం లేపుతుంది. రాతిగోడకు గోనెపట్టా, సున్నం గోడకు ఉతికి ఉతికి మెత్తబడిన తువ్వాలు ముక్క, పెంకులకు జిగురులో కలిపిన ఇటుకపొడి, మగ్గం మీద మిగిలిపోయిన పడుగు పోగులతో వరండా నీడ. అన్నిటినీ కలిపి కుట్టేది మాత్రం మామూలు బొంత కుట్టే. చలికాలంలో పిల్లల మీద కప్పే బొంతకు ఏ కుట్టు వేస్తారో అదే. పోయిన ఏడు కర్నూలులో చేనేత బట్టల సంత జరిగినప్పుడు, బెంగళూరు నుంచి వచ్చిన ఒకామె అలాంటి ఒక బొంత ముందు చాలాసేపు నిలబడి, దీన్ని మిక్స్‌డ్ మీడియా అంటారని చెప్పింది. హులిగెమ్మ తలూపింది. ఆ తర్వాత కూడా బొంత అనే అంటోంది.

దొరలు కట్టినవే ఎందుకు అని అడిగిన వాళ్లున్నారు. ఆదోనిలో నవాబులు కట్టినవి లేవా, కొండ మీద కోట లేదా అని. ఉన్నాయి, కానీ అవి రాయి. రాయి గుడ్డకు ఏమీ ఇవ్వదు. దొర ఇనుము తెచ్చాడు. ఆ రోజుల్లో అమెరికాలో వాళ్లలో వాళ్లకు యుద్ధం వచ్చి అక్కడి పత్తి ఆగిపోతే, ఇంగ్లండు మిల్లుల చూపు మన నల్లరేగడి మీద పడింది. పత్తి కోసం రైలు వచ్చింది, రైలు వెంట పత్తిని బేళ్లుగా బిగించే ప్రెస్సులొచ్చాయి, ప్రెస్సుల వెంట దొరలొచ్చారు. వాళ్లకు ఎండంటే భయం. అందుకే అంత మందం గోడలు, అంత ఎత్తు కప్పులు, కిటికీల మీద అర్ధచంద్రాల్లాంటి చట్రాలు. అంత దూరం నుంచి ఓడల్లో ఇనుప పూలు దించుకుని గోడలకు బిగించుకున్నవాడికి ఇంటి మీద బెంగ ఎంత ఉండి ఉంటుందో అనిపిస్తుంది. బెంగ ఉన్నవాడు బెత్తం పట్టుకోలేదా అంటే, పట్టుకున్నాడు. రెండూ ఆ గోడల్లో ఉన్నాయి. ఇప్పుడు ఆ గోడలు ఒక్కొక్కటే పోతున్నాయి. హులిగెమ్మకు కాలు ఒకచోట నిలవకపోవడానికి కారణం అదే. పొద్దున ఆలూరు, మర్నాడు మద్దికెర, ఆ మర్నాడు ఎక్కడో పాత గూడ్సు షెడ్డు తలుపు తీసేస్తున్నారని ఎవరో చెప్పారని రైలెక్కి అటు పరుగు. ఆమె పోయేసరికి సగం కట్టడాలు కంకరగా మారి ఉంటాయి.

ఇక అబద్ధం ఎందుకంటే, అనుభవం నేర్పింది. తుప్పు కావాలి అని అడిగితే ఏ వాచ్‌మనూ గేటు తీయలేదు. పిచ్చిదనో, ఇనుము దొంగ అనో అనుకున్నారు. తుప్పు వదిలిస్తానంటే మాత్రం మంచి పనే అని లోపలికి పంపారు. అలా ఆ మాట ఆమె నోటికి అలవాటైపోయింది.

"మంచి పనే," అన్నాడు గోపాలయ్య కూడా. "మా ఇంట్లో బిందెలకు చింతపండు పెట్టినట్టు."

"అంతే సావుకారీ, అంతే."

ఆటో ఇంకో గుంత దిగింది. గోపాలయ్య ఫోను మోగింది. పక్కన ఎవరున్నారో పట్టించుకోకుండా పెద్దగా మాట్లాడే అలవాటు అతనిది. "ఆఁ, సోమవారమే. మధ్యాన్నానికి లారీ తెచ్చుకోండి. గ్యాస్ కట్టరు కూడా తెచ్చుకోండి, ఆ గుండ్రమెట్లు మామూలుగా ఊడిరావు. పాత ప్రెస్సుదే గదప్పా, ఇంకేం మెట్లున్నాయి నాకు? మర్సటి రోజు జేసీబీ వస్తాది."

హులిగెమ్మ చేతుల్లో మూట బరువు ఒక్కసారిగా పెరిగినట్టయింది.

ఆదోని పాత ప్రెస్సు గుండ్రమెట్లు. ఆమె కుడుతున్న పెద్ద బొంతకు నడుమ వదిలిపెట్టిన ఖాళీ ఆ మెట్లదే. చుట్టూ బంగళా కిటికీలు, గూడ్సు షెడ్డు తలుపులు, క్రైస్తవ మిషను బడి గేటు అన్నీ కుదిరాయి. నడుమ మాత్రం తెల్లగా ఉంది. ఎన్నిసార్లు వెళ్లినా ప్రెస్సు గేటుకు తాళమే. వాచ్‌మన్ సావుకారి దగ్గర పర్మిషన్ తెమ్మన్నాడు. సావుకారి ఎవరో, ఎక్కడుంటాడో ఆమెకు తెలియదు. ఇప్పుడా సావుకారే, ఆమె మూట వల్ల పాడైన పంచెతో, ఆమె భుజానికి ఆనుకుని కూర్చున్నాడు.

"సావుకారీ," అంది. "ఆ మెట్లు నాకొక దినం ఇయ్యి."

"మెట్లా? ఏం జేసుకుంటావు?"

"బొమ్మ కుడతాను. గుడ్డ మీద. ఆ ప్రెస్సు బొమ్మ."

గోపాలయ్య మొహం మారింది. తాత కొన్న ప్రెస్సు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాడు, దాన్ని ఎవరైనా బొమ్మగా చూడొచ్చని ఏనాడూ తోచలేదు. స్థలం రిజిస్ట్రేషన్ అయిపోయి, అందులో మిగిలింది ఇనుమూ దుమ్మూ అనుకున్న సమయంలో ఎవరో వచ్చి బొమ్మ కుడతానంటే లోపల ఎక్కడో ఏదో కదిలింది.

"మా ప్రెస్సుదా? నిజంగానా?" అన్నాడు. "ఆదివారం పొద్దున రా. గేటు తీపిస్తాను. సోమవారం లారీ వచ్చేదాంక మెట్లు నీవే. ఇంకేమన్నా కావల్లా?"

"ఏం వద్దు సావుకారీ. మెట్లుంటే సాలు."

"నువ్వేం దిగులు పడాకు. అంతా రెడీగా పెట్టిస్తాను," అన్నాడు గోపాలయ్య.

ఏం రెడీ చేస్తాడో అప్పుడే అడిగి ఉండాల్సింది. ఆదోని కొండలు కనబడుతున్నాయి, ఆమె మనసు అప్పటికే గుడ్డ కొలతల్లో ఉంది.

శనివారం ఎమ్మిగనూరు ఇంట్లో ఆమె పూటకు పది పనులు ముట్టుకుని ఒక్కటీ పూర్తి చేయలేదు. గంజి పులిసిందో లేదో మూత తీసి చూడటం, కరక్కాయలు దంచుతూ మధ్యలో లేచి వీధిలోకి పోవడం, మేఘాలు చూడటం. ఎండ కాస్తే గుడ్డ త్వరగా ఆరిపోతుందని ఒక భయం, వాన పడితే రంగు కొట్టుకుపోతుందని ఇంకో భయం. భర్త ఉరుకుందప్ప మగ్గం గుంతలో కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. ఊళ్లో మగ్గాలు తగ్గిపోతున్నా అతను దిగలేదు. మెట్ల కోసం వెడల్పు గుడ్డ నేసిచ్చింది అతనే, సణుగుతూనే.

"కూసోరాదూ ఒక్కసోట," అన్నాడు. "నీ కాళ్లకు గిలకలు గట్టినారా ఏమి? పాత ఇనుము, ఖాళీ సీసాలు అని అరుసుకుంటా పో, నలుగురూ పిలుస్తారు."

"నువ్వు నూలు కండెలు అయిపోతే నన్ను పిలుస్తావు గదా, ఫస్టు అది సూసుకో."

"మెట్లు తొక్కేదానికి కడతారు గానీ సుట్టేదానికా?"

"మాయమ్మను తొక్కనిచ్చినారా?"

ఉరుకుందప్ప మళ్లీ కండె అందుకున్నాడు. ఆ సంగతి అతనికి తెలుసు. హులిగెమ్మ తల్లి ఉచ్చీరమ్మ వయసులో ఉన్నప్పుడు ఆ ప్రెస్సులో పత్తి ఏరే కూలి. పైన ఆఫీసు గది. అక్కడికి బయట నిలబెట్టిన ఆ గుండ్రమెట్లే దారి. దొరలు పోయి గోపాలయ్య తాత వచ్చినా కట్టుబాటు మారలేదు, కూలి ఆడవాళ్లు మెట్ల మీద కాలు పెట్టకూడదు. పైనుంచి పేరు పిలిచేదాకా కిందే నిలబడాలి. ఉచ్చీరమ్మ నిలబడి తల ఎత్తి చూసేది. మెట్ల పలకలకు తీగా పూలూ పోత పోసి ఉన్నాయట, పూల రంధ్రాల్లోంచి ఆకాశం ముక్కలు ముక్కలుగా కనబడేదట. పైకి ఎక్కేవాళ్లకు ఆ పూలు కనబడవు, చెప్పుల కింద ఉంటాయి. కింద నిలబడ్డవాళ్లకే కనబడతాయి. చిన్నప్పుడు హులిగెమ్మను నిద్రపుచ్చడానికి తల్లి చెప్పిన కథల్లో రాజులూ రాకుమార్తెలూ లేరు, ఆ ఇనుప తీగే ఉండేది. తీగ ఎటు తిరిగింది, ఏ పువ్వు పక్కన ఏ ఆకు అని. తల్లి పోయాక ఆ తీగను గీయాలని హులిగెమ్మ చాలాసార్లు కూర్చుంది. గీసినప్పుడల్లా ముగ్గులాగా వచ్చింది. గీయకూడదు, ఆ ఇనుమే వచ్చి గుడ్డ మీద పడాలి అని అప్పుడే తేల్చుకుంది. తుప్పు పని మొదలైంది అక్కడే. మిగిలిన బంగళాలన్నీ ఆ మెట్ల వరకు వచ్చే దారి మాత్రమే.

ఆదివారం మొదటి బస్సుకే ఆదోని చేరింది. తడిపిన గుడ్డ డబ్బాలో, తాళ్లు సంచిలో, భుజం మీద ఇంకో పొడి గుడ్డ. పత్తి యార్డు దగ్గర బళ్లూ ట్రాక్టర్లూ దారికి అడ్డం. ఆమె బళ్ల మధ్య నుంచి, పత్తి బోరాల మీద చేయి వేసుకుంటూ, దాదాపు పరిగెత్తింది.

ప్రెస్సు గేటు బార్లా తీసి ఉంది. లోపల గోపాలయ్య కొత్త పంచెలో నిలబడి ఉన్నాడు. పక్కనే భార్య ప్రభావతి ఫ్లాస్కు, గ్లాసులు, ఒక గిన్నెలో ఉప్మా పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. నేల ఊడ్చి నీళ్లు చల్లి ఉంది. గోడకు తెల్లగా సున్నం. హులిగెమ్మకు ముందు తగిలింది వాసన. టర్పెంటు వాసన.

"రా రా, హులిగెమ్మా! నీ కోసమే సూస్తాండాము," అన్నాడు గోపాలయ్య.

ప్రభావతి నవ్వింది. "మా ఇంటికి సున్నం కొట్టిచ్చు స్వామీ అంటే ఏండ్ల తరబడి తిప్పుకున్నాడు ఈయన. పడగొట్టే ప్రెస్సుకు మాత్రం రెండు దినాల్లో కొట్టిచ్చినాడు. ఏం మందు పెట్టినావమ్మా ఆటోలో?"

హులిగెమ్మకు ఆ మాట వినబడలేదు. మెట్లు చూస్తోంది. కింది నుంచి పై దాకా మెట్లు మెరుస్తున్నాయి. వెండి రంగు పెయింటు. పట్టుకునే కమ్మీ, పలకలు, నడిమి స్తంభం, అన్నీ కొత్తగా కొన్న గిన్నెల్లాగా ధగధగలాడుతున్నాయి. దసరాకు మిల్లు మిషన్లకు రంగు వేయించే చేతులు ఇవి, ఇంటికి మనిషి వస్తుందంటే ఉన్నది ఉన్నట్టు చూపించడం వీళ్లకు చేతకాదు. గోపాలయ్యకు తెలిసిన మర్యాద అదొక్కటే. దానిలో ఏ లోపమూ రానివ్వలేదు.

ఆమె మెట్ల కిందికి పోయింది. తల్లి నిలబడిన చోటే నిలబడి తల ఎత్తింది. తీగ ఉంది, పూలు ఉన్నాయి, రంధ్రాల్లో ఆకాశమూ ఉంది. ఇనుము మాత్రం కనబడలేదు.

"కింది పక్క గూడా కొట్టిచ్చినా సూడు," అన్నాడు గోపాలయ్య వెనక నుంచి, సంతోషంగా. "పెయింటరు వద్దన్నాడు, ఎవరు సూస్తారు కింద అన్నాడు. ఈమె సూస్తాది కొట్టప్పా అన్నా. ముందు గరుకు కాగితంతో గీకిచ్చినా, తుప్పంతా రాలిపోయింది. తట్టలకు తట్టలు."

"యాడ పోసినారు?"

"ఏంది?"

"ఆ తుప్పు. యాడ పోసినారు?"

"నీళ్లు కొట్టి మోరీలోకి తోసేసినారు. ఎందుకు?"

హులిగెమ్మ పలక అడుగున చేయి పెట్టింది. పెయింటు ఇంకా పూర్తిగా ఆరలేదు, అరచేతికి వెండి అంటింది. గీకి మళ్లీ నానబెట్టొచ్చు. ఉప్పూ పులుపూ కలిపి కట్టి ఉంచితే వారానికో పది రోజులకో ఇనుము మళ్లీ తుప్పు పడుతుంది. ఏళ్ల తుప్పు కాదది, అయినా ఇనుమే కదా, తీగైనా దక్కుతుంది. ఆమె గబగబా తిరిగింది.

"లారీ వారం దినాలు ఆపుతావా సావుకారీ?"

"నా సేతిలో యాడుందమ్మా? కొన్నోళ్లకు రేపటికి ఖాళీ జేసి ఇయ్యాల." గోపాలయ్య ఆమె మొహం చూసి తడబడ్డాడు. "ఏమైంది? రంగు బాగలేదా?"

"నాకు తుప్పే కావాల్సింది సావుకారీ. తుప్పుతోనే అద్దుతాను నేను. గుడ్డకు ఎక్కేది అదే."

అతను కాసేపు ఆమెనూ మెట్లనూ మార్చి మార్చి చూశాడు. గొంతులో కోపం లేదు, నిజంగా అర్థం కాని మనిషి గొంతు అది. "తుప్పు వదిలిస్తాండా అంటివి గదమ్మా ఆటోలో! నీకు పని తప్పుతాదని నేనే వదిలిపిస్తిని."

హులిగెమ్మ అరచేతికి అంటిన వెండిని కొంగుకు తుడుచుకుంది. అన్ని గేట్లూ తెరిచిన మాట అది. అడగకముందే చెప్పడం అలవాటైపోయిన మాట.

ప్రభావతి కుర్చీలోంచి లేచింది. ఏదో పోయిందని ఆమెకు అర్థమైంది, ఏం పోయిందో అర్థం కాలేదు. "పోనీలేమ్మా, పెయింటు పచ్చిగానే ఉంది గదా? నీ గుడ్డ పెట్టి ఒత్తి సూడు. వెండి పూలు పడతాయి. పట్టుచీర అంచు మాదిరి ఉంటాది."

ఎవరైనా ఏదైనా చెయ్యమంటే చాలు అన్నట్టుగా ఉంది హులిగెమ్మ. చేతులు ఊరికే ఉండలేకపోయాయి. భుజం మీది పొడి గుడ్డ తీసి, వంగి, ఎదురుగా ఉన్న పలక అడుగున పెట్టి అరచేత్తో ఒత్తింది. మూలలు ఒత్తింది, పూల అంచులు వేళ్లతో తడిమింది. గుడ్డ తీసి విప్పింది.

పడింది. తీగ మొత్తం పడింది. తల్లి చెప్పినట్టే ఎడమకు తిరిగి, రెండు ఆకులు, పువ్వు, మళ్లీ కుడికి. ఒక్క అంచూ చెదరలేదు. శుభ్రంగా, వెండిలా, నిన్ననే ఎవరో అచ్చు కొట్టినట్టు. పెళ్లి కార్డు మీద ఉండే తీగ అది. దానికి వయసు లేదు. దాని కింద ఎవరూ నిలబడలేదు.

"అబ్బా!" అన్నాడు గోపాలయ్య దగ్గరికి వచ్చి. "ఎంత బాగొచ్చిందో సూడు! ప్రభా, సూసినావా? ఇది మా ప్రెస్సు పువ్వంటే ఎవరన్నా నమ్ముతారా?" అతని కళ్లు నిజంగానే చెమ్మగిల్లాయి. పుట్టినప్పటి నుంచీ ఆ మెట్లు ఎక్కి దిగిన మనిషి, ఆ పువ్వును చూడటం ఇదే మొదలు.

హులిగెమ్మ గుడ్డను అతని చేతుల్లో పెట్టింది. అతను రెండు కొసలూ పట్టుకుని వెలుతురుకు ఎత్తి, భార్యకు చూపిస్తూ, ఏ గదిలో కట్టాలో, అద్దం వేయించాలో వద్దో మాట్లాడుతున్నాడు. ప్రభావతి గ్లాసులో కాఫీ పోసింది.

"కాఫీ తీసుకో హులిగెమ్మా, సల్లారిపోతాది."

గోపాలయ్య గుడ్డ దించి చూశాడు. తడిగుడ్డ డబ్బా ఎత్తుకుని, సంచి భుజానికి వేసుకుని, ఆమె అప్పటికే గేటు దాటింది. రోడ్డు మీద పత్తి బళ్ల వరస మధ్య ఒకసారి ఆగి, ఎమ్మిగనూరు బస్సు నిలిచే వైపు కాకుండా రైలు స్టేషను వైపు తిరిగి, వెనక్కి చూడకుండా వేగంగా నడుస్తోంది.